చిలుకమ్మ పెద్దమ్మ మగ్గాలు ఆపించిన రోజు

మేము మామూలుగా మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్లు పోట్లాడుకుంటున్నామని అనుకుంటారు. పోట్లాట కాదు, అలవాటు. కాశిబుగ్గలో మా వాడలన్నీ మగ్గాల వాడలు. ఇంటికొక మగ్గం, కలిగినవాళ్లకు రెండు. పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా ఆ చప్పుడు మధ్యే తినాలి, తిట్టుకోవాలి, చదువుకోవాలి. అందుకే మా గొంతులు ఇట్లా తయారయ్యాయి. నేను పంతులమ్మగా పనిచేసి రిటైరైన దాన్ని. ఏ ఊరికి బదిలీ మీద వెళ్లినా, అరుణ మేడం క్లాసు పక్కన మా క్లాసు వద్దని తోటి టీచర్లు హెడ్మాస్టరు దగ్గర మొరపెట్టుకునేవారు. నా క్లాసు పక్కన కూర్చుంటే వాళ్ల పిల్లలకు కూడా నా పాఠమే వచ్చేసేది మరి, తప్పు నాదా?

ఈ గొంతు సంగతి అట్లా ఉంచి, చిలుకమ్మ పెద్దమ్మ గురించి చెప్పాలి. ఆమె నాకు రక్తసంబంధం ఏమీ కాదు. అమ్మకంటే పెద్దదైతే చాలు, మా దగ్గర ఎవరైనా పెద్దమ్మే. ఆమె కూతురు సుగుణా నేనూ ఒకే తరగతి. వాళ్లది బడి ఉన్న వాడ, మాది దాని వెనక వాడ.

ఇప్పుడు ప్రతి బడిలోనూ తల్లిదండ్రుల కమిటీ ఉండాలని ఉత్తర్వులు వస్తాయి, శిక్షణలు పెడతారు. నేనూ అట్లాంటి శిక్షణలకు వెళ్లి, ఫ్యాను కింద కూర్చుని, సమోసాలు తిని వచ్చాను. తల్లులను బడికి రప్పించడం ఎట్లా అని బోర్డు మీద బొమ్మలు గీసి చెబుతుంటే నాకు నవ్వు ఆగేది కాదు. చిలుకమ్మ పెద్దమ్మ ఏ ఉత్తర్వూ చదివి కమిటీలోకి రాలేదు. ఆమెకు చదవడమే రాదు. ఆమె కొట్లాటకు వచ్చింది.

అది డెబ్బైల మొదట్లో మాట. మగ్గం ఎక్కించే ముందు పడుగు నూలుకు, అంటే బట్టలో నిలువునా సాగే పోగులకు, గంజి పట్టించాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు. తెల్లవారగానే వీధి పొడవునా పడుగును సాగదీసి కట్టి, అటూ ఇటూ నిలబడి గంజి పూసి దువ్వుతారు. దువ్వేటప్పుడు పోగులు తెగుతాయి. తెగినచోటల్లా అతకాలి. దానికి పిల్లల వేళ్లే బాగా పనికొస్తాయి, సన్నగా ఉంటాయి, చూపు కూడా బాగుంటుంది. ఎండ ముదిరేలోగా పని అయిపోవాలి కాబట్టి పడుగు సాపిన రోజు బడి గంట కొట్టినా పిల్లలను వదిలేవారు కాదు.

ఒకరోజు సుగుణ అట్లాగే ఆలస్యంగా వచ్చింది. హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు సార్ ఆమెను బయట నిలబెట్టాడు. సంగతి ఎవరు మోశారో గానీ కాసేపటికే చిలుకమ్మ పెద్దమ్మ గేటు తోసుకుని లోపలికి వచ్చింది. మోచేతుల దాకా గంజి ఎండి తెల్లగా అట్టలు కట్టి ఉంది.

"ఏం సారూ! నా బిడ్డను ఎండల నిలవెట్టిండ్రు, దొంగతనం జేసిందా ఏంది?"

సార్ నిదానస్తుడు. "తప్పు నీ బిడ్డది కాదమ్మా, నీది" అన్నాడు.

"నాదా! పడుగు సాపినంక పోగులు ఎవలు అతుకుతరు, మీరు వచ్చి అతుకుతరా?"

"గంట కొట్టినంక పాఠం ఎవరు వింటరు, నువ్వొచ్చి వింటవా?"

ఆమె మోచేతి మీది ఎండిన గంజిని గోటితో గీకింది. సార్ కుర్చీలోంచి లేచి ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడ పోషకుల కమిటీ అని ఒకటి ఉన్నది. అందరూ మగవాళ్లే. పంద్రాగస్టుకు వస్తరు, మిఠాయి తిని పోతరు. నువ్వు అందులోకి రా. వచ్చి ఇదే గొంతుతోని వాళ్లను అడుగు."

"కమిటీల నేనేం జెయ్యాలె?"

"ఇప్పుడు చేస్తున్నవు కదా, అదే."

వచ్చిన పని మరిచిపోయి ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే కమిటీలో చేరిపోయింది.

ఆ తర్వాత మా వాడలకు ప్రశాంతత లేకుండా పోయింది. గంట కొట్టగానే పిల్లలు పడుగు వదలాలని కమిటీలో మాట తీసుకుంది. తీసుకుని ఊరుకోలేదు. ఎవరు పడుగు సాపినా గంట వేళకు అక్కడ ప్రత్యక్షమై పిల్లల చేతులు పట్టి నూలు మీదినుంచి లాగేసేది. ఆ పోగులు పెద్దవాళ్లే అతుక్కోవలసి వచ్చేది. ఆమె భర్త సారయ్య పెద్దనాయన పడుగు దగ్గర కూడా అంతే, ఇంకా ఎక్కువే. పాపం ఆయన బదులు మగ్గమే మాట్లాడాలి, ఆయనకు నోరు లేదు. బడి వాడ చివర ఉండే కట్టయ్య తాతకు చూపు ఆనేది కాదు. ఒక పోగు బదులు ఇంకో పోగు అతికి, "ఈ సిలుకమ్మ నా పానం తీస్తాంది" అని శాపనార్థాలు పెట్టేవాడు. ఏ పిల్ల బడికి రాకపోయినా ఆమె ఆ ఇంటి గడపలో నిలబడి, "ఏందుల్లా, పోరి ఏది?" అని అరిచేది. ఆ అరుపు పక్కవాడకు వినపడేది. పరువు పోతుందని భయపడి పిల్లలను పంపినవాళ్లే ఎక్కువ. ఎట్లా పంపితేనేం, మేము బడిలో ఉన్నాం.

అసలు చిక్కు నేను ఏడో తరగతికి వచ్చినప్పుడు వచ్చింది. మా బడి ఏడుతో ఆఖరు. ఎనిమిది చదవాలంటే గంజ్ మార్కెట్ దాటి పట్నంలోకి పోవాలి. దారి పొడవునా లారీలు, ఎడ్లబండ్లు, మిర్చి బస్తాలు మోసే హమాలీలు. మగపిల్లలే పోయేవారు. ఆడపిల్లలను ఎవరూ పంపేవారు కాదు. మా ఇంట్లో మాట మా అవ్వ సమ్మమ్మదే; మేము అమ్మను అవ్వ అనే పిలుస్తాం. "ఏడు సాలు బిడ్డా" అంది అవ్వ, అదేదో పండుగకు చీర తెచ్చినంత మురిపెంగా. "గంజ్ దాటి పోవుడు వద్దు. నువ్వు ఇంటిపట్టున ఉంటె నాకింత ఆసరా."

అని ఊరుకోలేదు, వడ్రంగి పని చేసే వడ్లాయనతో చెప్పి నా కోసం కొత్త రాట్నం చేయించింది. కండెలకు నూలు చుట్టే రాట్నం. నా ఎత్తుకు సరిపోయేట్టు, నా చేయి అందేట్టు కొలిచి మరీ చేయించింది. దానికి పసుపు రాసి ఇంట్లో ఒక మూలన పెట్టింది. నేను రోజూ బడికి పోతూ దాన్ని చూసేదాన్ని. మా అవ్వకు నా మీద ఎంత ప్రేమో ఆ రాట్నాన్ని చూస్తే తెలిసేది. ఆ ప్రేమను చూస్తే ఏడుపొచ్చేది.

సుగుణకు చెప్పుకున్నాను. సుగుణ వాళ్ల అమ్మకు చెప్పింది. చిలుకమ్మ పెద్దమ్మ మా అవ్వతో మాట్లాడుతుందేమోనని ఆశపడ్డాను గానీ ఆమె మా ఇంటి దిక్కే రాలేదు. నేరుగా హెడ్మాస్టరు దగ్గరికి పోయింది.

"సారూ, పోరగాండ్లు గంజ్ దాటుడు ఎందుకు? ఎనిమిదినే ఇటు తీసుకరాలేమా?"

సార్ కూడా అదే ఆలోచనలో ఉన్నాడట. పై ఆఫీసుకు అర్జీ పెట్టాడు. కమిటీ వాళ్లు తలా ఒక చెయ్యి వేసి బడి వెనకాల ఒక గది లేపారు. ఎండలు ముదరకముందే ఇన్‌స్పెక్టరు వచ్చి బడిని చూసి, ఎనిమిదో తరగతి ఇవ్వాలో వద్దో చెబుతాడని కబురొచ్చింది. అయితే ఒక భయం ఉండేది. అంతకుముందు వచ్చిన ఇన్‌స్పెక్టరు మగ్గాల చప్పుడుకు చెవులు మూసుకుని, ఇక్కడ పాఠం ఎవరికి వినపడుతుందని మొహం చిట్లించి వెళ్లాడు.

ఇన్‌స్పెక్షన్ ముందురోజు కమిటీ కూర్చుంది. చిలుకమ్మ పెద్దమ్మ లేచి, "రేపు పొద్దుగాల మగ్గాలు బందు వెడుదాం. ఆ సారు వచ్చి పోయేదాక ఒక్క మగ్గం మోగొద్దు. అప్పుడేమంటడో సూద్దాం" అంది. అందరికీ భలే ఆలోచన అనిపించింది. హెడ్మాస్టరు అయితే మురిసిపోయాడు. ఆమె ఆ సాయంత్రమే తమ వాడలో ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. వెనక వాడల వాళ్లకు మాత్రం పిల్లలను జల్ది పంపండని చెప్పి వచ్చింది. అక్కడి చప్పుడు బడికి అంతగా రాదు కాబట్టి మగ్గాల సంగతి చెప్పలేదు.

ఇక్కడ మా వాళ్ల రివాజు ఒకటి చెప్పాలి. అమావాస్యకూ పండుగకూ మగ్గం ఎక్కరు, అది అందరికీ ముందే తెలిసిన సంగతి. కానీ మామూలు రోజున ఒక వాడలో మగ్గాలన్నీ ఆగాయంటే ఎవరో పోయారని అర్థం. చావు కబురు చెప్పడానికి మనిషిని పంపరు. చావు ఇంటి మగ్గం ఆగుతుంది, అది విని పక్కింటి మగ్గం, దాన్ని విని ఆ పక్కది. అట్లా వాడలు దాటి పోతుంది ఆ కబురు. శవం లేచేదాకా మగ్గం మోగదు, పొయ్యి వెలగదు, పిల్లలు బడికి పోరు. ఈ రివాజు మధ్యే పుట్టి పెరిగినవాళ్లు ఆ కమిటీలో అందరూ. ఒక్కరికంటే ఒక్కరికి తట్టలేదు!

మరునాడు నేనూ సుగుణా తెల్లవారకముందే బడికి పోయి వాకిలి ఊడ్చి ముగ్గులు పెట్టాం. పొద్దెక్కింది. బడి వాడలో ఒక్క మగ్గం మోగలేదు. నా గొంతు నాకే కొత్తగా వినపడుతుంటే సిగ్గేసింది. రాజేశ్వర్ రావు సార్ వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్లివారి కోసం చూసే పెద్దమనిషి మాదిరిగా తిరుగుతున్నాడు. గంట కొట్టారు. బడి ఉన్న వాడ పిల్లలు వచ్చారు. వెనక వాడల పిల్లలు ఒక్కరూ రాలేదు. ఏడో తరగతి ఆడపిల్లలు చాలామంది ఆ వాడల వాళ్లే. ఎనిమిదికి పేర్లు ఇవ్వవలసింది వాళ్లే.

చూస్తే, దూరంగా సన్నగా వినపడే వెనక వాడల మగ్గాలు కూడా అప్పటికే ఒక్కొక్కటే ఆగిపోయాయి. కాసేపటికి ఆడవాళ్లు గుంపులు గుంపులుగా బడి ముందు నుంచి పోవడం మొదలైంది. బడి వైపు చూడను కూడా చూడటం లేదు. ఆ గుంపులో మా అవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ.

నేను గేటు దగ్గరికి ఉరికాను. "అవ్వా, యాడికి?"

"కట్టయ్య తాత పోయిండట బిడ్డా! నువ్వింక బడిల ఏం జేత్తానవు? ఇంటికి నడువు."

నా వెనకే ఉన్న చిలుకమ్మ పెద్దమ్మకు అప్పుడు వెలిగింది. రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. "అయ్యో! ముసలాయనను నేనే సంపితిని గదనే!" అని గుంపు వెంట పరుగెత్తింది. నేనూ సుగుణా ఆమె వెంట పడ్డాం.

కట్టయ్య తాత కొన్నాళ్లుగా దగ్గుతో మంచం పట్టి ఉన్నాడు. అందుకే అందరి అనుమానం ఆయన మీదికే పోయింది. మేము వెళ్లేసరికి ఆయన మంచంలో కూర్చుని చాయను సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు. వాకిట్లోకి వచ్చిన ఆడవాళ్లు ఏడుపు అందుకున్నవాళ్లు అందుకున్నట్టే ఆగిపోయారు.

"ఏందుల్లా, ఎవలు సచ్చిండ్రు?" అన్నాడాయన కంగారుగా. ఆయన అందరి మొహాలూ చూశాడు. చూసి, సాసరు కింద పెట్టాడు. "నేనా? నేను సచ్చిన్నా? రాండ్రి, ముట్టుకొని సూడుండ్రి! నా సావుకు నాకన్నా ముందుగాల ఉరికచ్చిండ్రు!" అని తిట్ల పురాణం ఎత్తుకున్నాడు. దగ్గు కూడా మరిచిపోయి తిట్టాడు.

ఆ తిట్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ గుంపు మాత్రం కదలలేదు. కట్టయ్య కాకపోతే ఇంకెవరు? మగ్గాలైతే ఆగాయి కదా. "ఎవలు సావలేదు, నేనే ఆపిచ్చిన, ఇన్‌స్పెక్టర్ అస్తాండు, పిల్లలను తోలుండ్రి!" అని చిలుకమ్మ పెద్దమ్మ గొంతు చించుకుంది. ఎవరు నమ్ముతారు? ఏదో దాస్తోందని అనుకున్నారు. ఎవరింట్లో ముసలివాళ్లు ఉన్నారో లెక్క తీస్తూ ఇంటింటికీ చూడబోయారు. మగ్గాలు మోగితే తప్ప వీళ్లు నమ్మరని ఆమెకు అర్థమైంది. మోగించడానికి మగవాళ్లేరి? పని లేని పొద్దు దొరికింది కదా, అందరూ చౌరస్తాలో హోటల్లో కూర్చున్నారు.

ఆమె ఇంటికి ఉరికి, సారయ్య పెద్దనాయన మగ్గం గుంటలోకి దిగింది. దాని మీద ఎరుపూ నీలం చారల జంపఖానా సగం నేసి ఉంది. అది మగవాళ్లు నేసే మోటు నేత. ఆమె పుట్టినప్పటి నుంచీ కండెలు చుట్టింది గానీ ఆ మగ్గం ఎక్కలేదు. పోగును అటూ ఇటూ మోసే నాడెను విసిరితే ఎగిరి మూలన పడ్డది. సుగుణ దాన్ని తెచ్చి ఇచ్చింది. నేతను దగ్గరికి కొట్టే బరువైన చెక్కను రెండు చేతులతో పట్టుకుని, పోగు పడ్డదా లేదా అని చూడకుండా బాదడం మొదలుపెట్టింది. నేనూ సుగుణా వాకిట్లో నిలబడి దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాం. కొత్త రాట్నం నా కళ్ల ముందు తిరుగుతోంది.

అది మగ్గం చప్పుడు కాదు, తలుపు విరగ్గొడుతున్నట్టు ఉంది. అయినా పక్కింటి ముసలామె విన్నది. ఆమె కూడా తన కొడుకు మగ్గంలోకి దిగింది. హోటల్లో కూర్చున్న మగవాళ్లు ఆ చప్పుడు విని ఏం కొంప మునిగిందోనని పరుగెత్తుకొచ్చారు. సారయ్య పెద్దనాయన గుమ్మంలో నిలబడి తన జంపఖానాను చూశాడు. ఎర్ర చార పాము పోయినట్టు వంకరపోయి ఉంది. ఏనాడూ మాట్లాడనివాడు నోరు తెరిచాడు.

"తిట్టుడు తర్వాత. ముందుగాల ఎక్కు" అని ఆమె చెమట తుడుచుకుంటూ పైకి లేచింది.

ఆయన ఎక్కాడు. ఆ చేయి పడగానే అసలు చప్పుడు లేచింది. దాన్ని విని పక్కది, ఆ పక్కది, తర్వాత వెనక వాడలు. ఆ రోజు ఆ చప్పుడు నాకు ఎంత తియ్యగా వినపడిందో చెప్పలేను. ఆడవాళ్లు నిలబడిన చోటే నిలబడి విన్నారు. తర్వాత ఇళ్లకు ఉరికి, తల దువ్వీ దువ్వక పిల్లలను రెక్కపట్టి బడికి లాక్కొచ్చారు. వచ్చినవాళ్లు తిరిగి పోలేదు. చిలుకమ్మను నాలుగు దులిపి పోదామని బడి వాకిట్లోనే చేరారు. అందరూ ఒకేసారి తిడుతున్నారు. ఆమె కొంగు నడుముకు చుట్టి నిలబడి అందరికీ జవాబు చెబుతోంది. సరిగ్గా అప్పుడు ఇన్‌స్పెక్టరు స్కూటరు దిగాడు.

వాకిలి నిండా ఆడవాళ్లను చూసి ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇంతమంది తల్లులా! నేను ఏ బడిలోనూ చూడలేదండీ. మీటింగ్ పెట్టారా?" అని అడిగాడు. రాజేశ్వర్ రావు సార్ అబద్ధమాడలేని మనిషి, నిజం చెప్పే ధైర్యమూ చాలలేదు. నీళ్లు నమిలాడు. చిలుకమ్మ పెద్దమ్మ ముందుకొచ్చింది.

"మీటింగు కాదు సారూ. అబద్దమెందుకు, సావుకు వచ్చిండ్రు."

జరిగింది జరిగినట్టు చెప్పేసింది. తన తెలివితక్కువతనం కూడా దాచుకోలేదు. కట్టయ్య తాత తిట్లు చెబుతుంటే ఆయన ఇక ఆపుకోలేక గోడకు చేయి ఆనించి నవ్వాడు. నవ్వడం అయ్యాక చెవి దగ్గర చేయి పెట్టుకుని, "అది సరేనమ్మా, ఈ చప్పుడులో పాఠం ఎట్లా వినపడుతుంది?" అని అరిచాడు.

"మాకు సప్పుడుంటెనే పానం నిమ్మలం సారూ. సప్పుడున్నదంటె అందరం మంచిగున్నట్టు. పిల్లలకు గిది జోలపాట. జర మీరే అడుగుండ్రి, వినవడ్తదో లేదో."

ఆయన ఏడో తరగతిలోకి వచ్చి ఒక లెక్క అడిగాడు. నేను లేచి జవాబు చెప్పాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "చాలమ్మా, వినపడింది" అన్నాడు. నా గొంతు గురించి వచ్చిన మొదటి సర్టిఫికెట్ అదే.

తర్వాత ఆయన బయటికి వచ్చి తల్లులను చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. గది ఉంది, బడి బాగుంది, కానీ తరగతి తెరిచాక ఆడపిల్లలు రాకపోతే ఏడాదిలో మూసేస్తారు. "మీ బిడ్డలను పంపుతరా? అది మీరు చెప్పాలె, నేను కాదు" అన్నాడు. అంతసేపూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడినవాళ్లు ఒక్కసారి తలలు దించుకున్నారు. కాలి వేళ్లతో నేల రాస్తున్నారు. నేను కిటికీ ఊచలు పట్టుకుని మా అవ్వనే చూస్తున్నాను.

చిలుకమ్మ పెద్దమ్మ వెనక్కి తిరిగింది. ఈసారి అరవలేదు. "సమ్మమ్మా, నువ్వు సెప్పు చెల్లె" అంది.

మా అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఏడ్చిన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఇంటి దిక్కు చూసింది. నాకు ఆశ పోయింది.

"నేను పొద్దుగాల ఏడ్సుకుంట వచ్చిన అక్కా" అంది చివరికి. "వచ్చినంక ఏడ్సుడు తప్పింది. ముసలాయన చాయ తాగుకుంట కండ్లవడ్డడు. ఆ సంతోషానికైనా నా బిడ్డను పంపుత. వాడలనే బడి అయితె నాకేం ఫికర్ లేదు. రాసుకో సారూ, అరుణ."

ఆ తర్వాత ఇంకో ఆమె తన బిడ్డ పేరు చెప్పింది. ఆపైన ఎవరు ముందు చెప్పారో నాకు తెలియదు, నేను సుగుణను కరచుకుని ఏడుస్తున్నాను.

జూన్‌లో ఎనిమిదో తరగతి తెరిచారు. వంకర చార జంపఖానాను ఎవరూ కొనరు కాబట్టి సారయ్య పెద్దనాయన దాన్ని అట్లాగే పూర్తి చేసి భుజాన వేసుకుని తెచ్చి మా గదిలో పరిచాడు. మేము ఎనిమిదీ, ఆ తర్వాత ఏడాదికొకటిగా వచ్చిన తొమ్మిదీ పదీ దాని మీదే కూర్చుని చదివాం. వంకర దగ్గర కూర్చోవడానికి నేనూ సుగుణా రోజూ పోటీ పడేవాళ్లం. నా రాట్నం ఏమైందంటారా? దాన్ని మా అవ్వే తిప్పింది. నా ఎత్తుకు చేయించినది కదా, ఆమెకు పొట్టిదైంది. నడుము వంచి కూర్చుని, నేను పది పాసయ్యేదాకా దాని మీదే కండెలు చుట్టింది. కొత్తది చేయించుకొమ్మంటే, "ఇది మంచిగనే ఉన్నది తియ్యి" అనేది.

సుగుణ దవాఖానలో నర్సయింది. నేను టీచర్ ట్రైనింగ్ చేసి, ఊళ్లు తిరిగి, ఎనభైల మధ్యలో మా బడికే వచ్చాను. నేను చేరిన రోజు చిలుకమ్మ పెద్దమ్మ వచ్చి నా క్లాసు వెనకాల కూర్చుంది. అప్పటికి సుగుణ చదువు అయిపోయి ఎన్నేళ్లో! కమిటీలోంచి ఆమెను పొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు, పొమ్మనాలని ఎవరికీ లేదు కూడా. నీళ్ల నల్లా కోసం ఆమె పోట్లాడింది, ఆడపిల్లల మరుగుదొడ్డి గోడ కోసం పోట్లాడింది, ఒక పంతులు క్లాసులో నిద్రపోతే కిటికీలోంచి నీళ్లు చల్లింది. నీకు చదువు చెబుతా, రా పెద్దమ్మా అంటే మాత్రం, "నాకెందుకే, మీరంత ఉన్నరు గద" అని తప్పించుకునేది.

ఆఖరి రోజుల్లో ఆమె మంచాన పడ్డది. ఒక సాయంత్రం బడి వదిలాక చూడబోతే నా చేయి పట్టుకుంది.

"అరుణా, నేను పోయిన్నాడు మగ్గాలు ఆగుతయి. ఆగనియ్యి, అది మన రివాజు. బడి మాత్రం ఆపకు. నా పేరు మీద పిల్లలను ఇంటికి తోలకు. ఒక్కసారి నా వల్ల బడి ఖాళీ అయింది. మల్లొక్కసారి కావద్దు."

"గట్ల మాట్లాడకు పెద్దమ్మా" అన్నాను.

ఆమె పోయింది ఒక సోమవారం, తెల్లవారుజామున. సారయ్య పెద్దనాయన మగ్గం మోగలేదు. తర్వాత పక్కది మోగలేదు. నేను పోయి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు. మా అవ్వే నా భుజం తట్టి, "గంట వేళయింది. నువ్వు బడికి పో" అంది. నేను బడికి పోయి గేటు దగ్గర నిలబడ్డాను. ఇన్‌స్పెక్షన్ నాడు మా అవ్వ నాకు ఎదురుపడిన చోటే. అటెండరు గంట కొట్టాడు. అన్ని వాడల్లోనూ ఒక్క మగ్గం చప్పుడు లేదు. చావు నాడు పిల్లలను ఎవరు పంపుతారు, రివాజు రివాజే కదా అనుకుంటూ నేను క్లాసులోకి తిరగబోయాను.

వాడ మలుపులో మొదట ఒక తల్లి కనపడింది, కూతురి చేయి పట్టుకుని. ఆమె వెనక ఇంకొకామె. అందరూ కొంగులు కప్పుకుని ఉన్నారు. కొందరు ఏడుస్తున్నారు. గేటు దగ్గరికి వచ్చి, పిల్లలను లోపలికి పంపి, అటు నుంచి అటే చావు ఇంటికి పోతున్నారు. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు నాతో ఆ జంపఖానా మీద కూర్చుని చదివినవాళ్లే. కాసేపటికి క్లాసులన్నీ నిండాయి.

నేను తెలుగు వాచకం తీయమన్నాను. మగ్గాలు లేవు కాబట్టి పిల్లలు చదివేది వీధి పొడవునా వినపడుతోంది. కాసేపటికి మా అవ్వ కిటికీ దగ్గరికి వచ్చింది.

"సావు ఇంటిదాక వినవడ్తాంది బిడ్డా. సారయ్య బావ అంటాండు, పిల్లలను జర గట్టిగ సదువుమని."

చదవండి అని చెబుదామని నోరు తెరిచాను. అంత గొంతు ఉన్నదాన్ని, నాకు మాట పెగల్లేదు. చేయి మాత్రం ఎత్తాను. పిల్లలే అర్థం చేసుకుని గట్టిగా చదివారు.